కార్వెండెల్ కొండల్లో హట్ నుంచి హట్‌కి: మా ఆల్పైన్ క్లబ్బు నడక, వచ్చే సీజన్ కబుర్లు

మ్యూనిక్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఆల్ప్స్ అంటే చాలావరకు సుగ్‌ష్పిట్సె శిఖరానికెళ్లే కేబుల్ కారే. పొద్దున్నే రైలెక్కడం, 2,962 మీటర్ల ఎత్తున ఫొటో దిగడం, దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం, చీకటి పడేసరికి ఇంటికొచ్చి పడటం. తప్పేం లేదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనూ అక్కడికే తీసుకెళ్లాను. కానీ ఒక లోయలో మొదలుపెట్టి, రాత్రుళ్లు కొండ మీదే ఉంటూ ఇంకో లోయలో దిగాలంటే మాత్రం కేబుల్ కారుతో పని జరగదు. అందుకు ఆల్పైన్ క్లబ్బు కావాలి. ఈ వేసవిలో మా క్లబ్బుతో ఆస్ట్రియా వైపు కార్వెండెల్ కొండల్ని అడ్డంగా నడిచి వచ్చాను. ఎక్కడ ఉన్నాం, ఏం తిన్నాం, ఏది బాగుంది, ఏది విసిగించింది, ఈ చలికాలానికీ వచ్చే ఎండాకాలానికీ క్లబ్బు ఏం పెట్టుకుంది, అన్నీ ఇక్కడ రాస్తున్నా.

ముందు క్లబ్బు సంగతి. జర్మన్ ఆల్పైన్ క్లబ్బు 1869లో మ్యూనిక్‌లోనే పుట్టింది. ఇప్పుడు సభ్యులు 15 లక్షల పైమాటే. కొండల్లో దాని హట్లు, అంటే నడిచేవాళ్లు తిని పడుకునే విడిదులు, మూడొందలకి పైగా ఉన్నాయి. అయితే మనం చేరేది నేరుగా ఆ పెద్ద సంస్థలో కాదు, ఊరికో ప్రాంతానికో ఉండే సెక్షన్‌లో. హట్లకి యజమానులు కూడా ఈ సెక్షన్లే. కాలిబాటల్ని కూడా పంచుకున్నారు, ఫలానా కొండ మీద ఫలానా బాట ఫలానా సెక్షన్ చూసుకోవాలని. మా సెక్షన్ చిన్నది. ఆఫీసులో హెల్మెట్లు, స్నో షూలు, మ్యాపులు అద్దెకిస్తారు. ఏడాది పొడుగునా నడకలు, శిక్షణలు పెడతారు. వాటిని నడిపేది జీతగాళ్లు కాదు, క్లబ్బు దగ్గర శిక్షణ తీసుకున్న వాలంటీర్లు.

చందా కట్టి చేరితే ఒరిగేదేంటని చాలామంది అడుగుతారు. హట్‌లో పడకకి సభ్యులు కాని వాళ్లకన్నా రాత్రికి కనీసం పది యూరోలు తక్కువ. ఏడాదిలో నాలుగైదు రాత్రులు పడుకుంటే చందాలో మంచి భాగం తిరిగొచ్చినట్టే. దానికన్నా పెద్దది రెస్క్యూ బీమా. కొండ మీద కాలు విరిగి హెలికాప్టర్ పిలవాల్సి వస్తే, వెతకడానికీ కిందికి దించడానికీ అయ్యే ఖర్చు 25,000 యూరోల దాకా ఇందులోనే వస్తుంది. చందా లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా కాబట్టి, ఏడాది చివర్లో చేరేవాళ్లకి చాలా సెక్షన్లు తగ్గింపు ఇస్తాయి. కనుక్కుని చేరండి.

ఇక దారి. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్ వైపు వెళ్లే ప్రాంతీయ రైల్లో షార్నిట్జ్ దాకా రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లకి పనికొచ్చే నెలవారీ పాస్) ఉన్నవాళ్లకి మిట్టెన్‌వాల్డ్ దాకా అది చెల్లుతుంది. తర్వాతి స్టేషనే షార్నిట్జ్, కానీ మధ్యలో సరిహద్దు ఉంది కాబట్టి ఆ ఒక్క స్టేషన్‌కీ విడిగా టికెట్ కొనాలి. రైల్లో నిద్రపోతూ ఇది మర్చిపోయేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు కూడా దగ్గర పెట్టుకోండి. మనలాంటి మొహాలు కనబడితే సరిహద్దు పోలీసులు అడగకుండా వదలడం అరుదు.

మా గైడు రిటైరైన లెక్కల మాస్టారు. బయల్దేరడానికి వారం ముందు ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. చదునైన దారికి గంటకి నాలుగు కిలోమీటర్లు, ఎక్కడానికి గంటకి 300 మీటర్లు, దిగడానికి గంటకి 500 మీటర్లు. దూరానికి ఎంత పడుతుందో, ఎక్కుడు దిగుడుకి ఎంత పడుతుందో విడివిడిగా వేసుకుని, పెద్ద అంకెని పూర్తిగా, చిన్న అంకెలో సగాన్ని తీసుకుని కలపాలి. షార్నిట్జ్ 964 మీటర్లు, కార్వెండెల్‌హౌస్ 1,771 మీటర్లు, మధ్యలో 18 కిలోమీటర్ల దారి. దూరానికి నాలుగున్నర గంటలు, ఎక్కుడుకి రెండు గంటల నలభై నిమిషాలు, అందులో సగం కలిపితే ఆరు గంటలకి దగ్గర. ఇక్కడి పసుపు బోర్డుల మీద కిలోమీటర్లు రాయరు, గంటలే రాస్తారు. అది ఆగకుండా నడిచే గంటల లెక్క. ఫొటోలు, మంచినీళ్లు, "ఒక్క నిమిషం, షూ లేసు" వగైరా అన్నీ మన ఖాతాలోవే.

షార్నిట్జ్ దగ్గర కనిపించే నది ఇజార్. మ్యూనిక్‌లో ఎండాకాలం జనం కాళ్లు ముంచి కూర్చునే ఆ ఇజారే ఈ కొండల్లోంచి దిగుతుంది. మేం నది వెంట కాకుండా పక్క లోయ పట్టుకున్నాం. ఆ మొదటి దారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, బోరు. కంకర రోడ్డు, పక్కన వాగు, వెనక నుంచి గంట కొడుతూ వచ్చే ఈ-బైకులు. కొండలు అందంగానే ఉన్నాయి, కానీ 18 కిలోమీటర్ల కంకర రోడ్డుకి ఆ అందం చాలదు. కాళ్లకి చాలా అలవాటు ఉంటే తప్ప ఈ దారి సైకిల్ మీద చేసి, సైకిల్‌ని హట్ దగ్గర వదిలి నడవడం తెలివైన పని. కాకపోతే మనం అవతలి లోయలో దిగుతాం కాబట్టి సైకిల్ కోసం మళ్లీ వెనక్కి రావాలి, అదొక చిక్కు.

కార్వెండెల్‌హౌస్ కొండ ఒడిలో ఎత్తున నిలబెట్టిన పెద్ద రాతి భవనం. చివరి మలుపు తిరిగేదాకా కనబడదు, కనబడ్డాక కూడా చాలాసేపటికి గానీ దగ్గరవదు. హట్ అనే పేరు విని పూరిపాక లాంటిది ఊహించుకోకండి. వందమందికి పైగా పడుకునే ఇల్లు ఇది. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, పక్క శిఖరం ఎక్కేవాళ్లు, అందరూ ఇక్కడే కలుస్తారు కాబట్టి సాయంత్రం భోజనాల హాలు పెళ్లివారి విడిదిలా ఉంటుంది. మంచి సంగతేంటంటే ఇంత జనంలోనూ పని చకచకా నడుస్తుంది. ప్రతి టేబుల్ మీదా గుంపు పేరుతో చీటీ, తిన్నదీ తాగినదీ రాసుకునే కాగితం ఒకటి, పడుకోబోయే ముందు లెక్క తేల్చుకోవడం. కార్డు తీసుకునే హట్లు పెరుగుతున్నాయి, అయినా సిగ్నల్ పోయినప్పుడు ఆ మెషీన్ ఉన్నా లేనట్టే. నోట్లు దగ్గరుంచుకోండి.

హట్‌కి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రివాజులు కొన్ని. బూట్లు గుమ్మం దగ్గరి గదిలోనే విప్పాలి, లోపలికి చెప్పులు కొన్నిచోట్ల అక్కడే ఉంటాయి. తడిసిన బట్టలకి వేడి గాలి తిరిగే ఆరబెట్టే గది ఉంటుంది. వాన రోజున హట్ మొత్తంలో విలువైన గది అదే. దుప్పటి వాళ్లిస్తారు కానీ దాని లోపల పడుకోవడానికి పలచటి సంచీ మనదే అయి ఉండాలి, అది లేనిదే పడక ఇవ్వరు. రాత్రి పదికి దీపాలార్పేస్తారు. రిజిస్టర్‌లో పేరుతో పాటు మర్నాడు ఎటు వెళ్తున్నామో కూడా రాయాలి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లు మొట్టమొదట తిరగేసేది ఆ పుస్తకాన్నే కాబట్టి గీకి పారేయకుండా అర్థమయ్యేలా రాయండి.

ఇంకోటుంది, విని ఆశ్చర్యపోకండి. హట్ నుంచి హట్‌కి జనంతో పాటు నల్లులు కూడా ప్రయాణిస్తాయి. అందుకే కొన్నిచోట్ల బ్యాగుల్ని పడక గదిలోకి రానివ్వరు. ఇంకొన్నిచోట్ల మన పడుకునే సంచీని తీసుకుని మైక్రోవేవ్‌లో పెట్టి తిప్పి ఇస్తారు. వేరే కొండల్లో ఒక హట్‌లో మొదటిసారి ఇది చూసినప్పుడు నా వెనక నిలబడ్డ కడప అమ్మాయి, మా సెక్షన్‌లో నేను కాక ఉన్న ఒకే ఒక్క తెలుగమ్మాయి, "అక్కా, వీళ్లు మన సంచీ వేడి చేసి పెడుతున్నారు, ఎంత మర్యాదో!" అంది. అసలు సంగతి చెప్పాక ఆ రాత్రంతా గోక్కుంటూనే ఉంది, ఒక్క నల్లి లేకపోయినా.

పడక గదుల్లో రెండు రకాలు. నలుగురూ ఆరుగురూ ఉండే గదులు, పరుపులు పక్కపక్కనే పరిచిన పెద్ద లాగర్. లాగర్ చవక. పక్కవాళ్ల గురక మాత్రం ఉచితం. చెవుల్లో పెట్టుకునే మైనపు బిళ్లలు హట్ల దగ్గర కూడా అమ్ముతారు, అంటే సమస్య ఎంత పాతదో చూడండి. నా మాటైతే, మొదటి రాత్రికి లాగర్ తీసుకున్నా పర్వాలేదు, ఒళ్లు అలిసి ఎలాగూ నిద్రపడుతుంది. చివరి రాత్రికి మాత్రం గది బుక్ చేసుకోండి.

మర్నాడు బిర్క్‌కార్‌ష్పిట్సె ఎక్కాలని కొందరికి ఆశ. 2,749 మీటర్లు, కార్వెండెల్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. హట్ వెనక నుంచే దారి. మాస్టారు పొద్దున్నే బయటికెళ్లి చూసొచ్చి, పైన లోయలో ఇంకా గట్టి మంచు ఉందనీ, మన దగ్గర దానికి తగ్గ సామాను లేదనీ చెప్పి వద్దన్నాడు. ఇద్దరు ముగ్గురు మొహాలు మాడ్చుకున్నారు. నాకు మాత్రం క్లబ్బుతో వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది. స్నేహితులతో వెళ్తే "వద్దు" అనే మాట ఎవరి నోటా రాదు. ఒకరిని చూసి ఒకరు మొహమాటంతో ముందుకే పోతాం. ఇక్కడ ఆ మాట అనడానికే ఒక మనిషి ఉన్నాడు, దాని మీద చర్చ లేదు, అలక టీ తాగేలోగా తీరిపోయింది.

రాత్రి వాన పడింది కాబట్టి బాట మీద బల్లుల్లా కనబడే నల్లటి సలమాండర్లు తిరుగుతున్నాయి. వేలెడంత పొడుగు, నిగనిగలాడే నలుపు, అడుగు తీసి అడుగు వేయడానికే యుగం పడుతుంది వాటికి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ పిల్ల కడుపులో రెండు మూడేళ్లు పెరుగుతుందట. ఇక అందరి కళ్లూ నేల మీదే, ఎక్కడ తొక్కేస్తామోనని. 1,803 మీటర్ల కనుమ దాటి కిందికి దిగితే చిన్న ఆహోర్న్‌బోడెన్, ముసలి మేపుల్ చెట్లున్న పచ్చిక మైదానం. అక్కడ హెర్మన్ ఫాన్ బార్ట్ స్మారక శిల ఉంది. 1870 వేసవిలో ఆయన ఒంటరిగా ఈ కొండల్లో 88 శిఖరాలు ఎక్కాడు. అందులో పన్నెండింటిని అంతకుముందు ఎవరూ ఎక్కలేదు. తాళ్లు, జీపీఎస్, బీమా, మైక్రోవేవ్ ఏమీ లేకుండా.

అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కుడు. పశువుల మేత భూముల మీదుగా పోతాం కాబట్టి ఒక జాగ్రత్త. దూడ పక్కనున్న ఆవుకి దూరంగా తిరిగి వెళ్లండి. మన ఆవుల్లా నిమిరించుకునే రకం కాదు ఇవి, కుక్క వెంట ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఫాల్కెన్‌హ్యూటే, 1,848 మీటర్లు. ఈ యాత్ర మొత్తంలో మళ్లీ వెళ్తావా అంటే ఒక్క ఆలోచన లేకుండా తలూపేది దీని కోసమే. ఎదురుగా లాలిడెరర్ గోడలు. కొండ అనకుండా గోడ అని ఎందుకన్నారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. 800 మీటర్లకి పైగా నిట్టనిలువు సున్నపురాయి. బయట బల్ల మీద కూర్చుని పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అప్పుడప్పుడూ ఎక్కడో రాయి జారిన చప్పుడు. చప్పుడు వినిపించాక కళ్లతో ఎంత వెతికినా ఏదీ కదిలినట్టు కనిపించదు, ఆ గోడ అంత పెద్దది. హట్ 1920ల నాటిది. మూసేసి కొన్నేళ్ల పాటు బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. పాత చెక్క భోజనశాల వాతావరణం చెడకుండా పడక గదుల్ని మాత్రం కొత్తగా, శుభ్రంగా చేశారు. పాత హట్లని బాగుచేస్తే హోటల్‌లా తయారవుతాయని క్లబ్బులో పెద్దవాళ్ల గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ అలా కాలేదు.

సున్నపురాయి కొండల్లో నీళ్లు నిలవవు, పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోతాయి. అందుకే ఈ హట్లలో నీళ్ల దగ్గర పొదుపు ఎక్కువ. స్నానం ఉంటే ఉంటుంది, డబ్బు కట్టి రెండు మూడు నిమిషాలు, లేకపోతే మొహం కడుక్కుని సర్దుకోవడమే. తలస్నానం లేకుండా పడుకోనంటే ఈ యాత్ర మీకు కాదు. బాటలో కూడా ఊటలు తక్కువ, కాబట్టి పొద్దున హట్‌లోనే రెండు లీటర్లు నింపుకుని బయల్దేరండి.

తిండి గురించి శాకాహారులకి విడిగా చెప్పాలి. ఆకలితో పడుకోనవసరం లేదు. కేస్‌ష్పెట్స్‌లె ఉంటుంది, జున్ను వేసిన ఉడికించిన పిండి ముక్కలు, మీద వేయించిన ఉల్లిపాయలు. మా కడప అమ్మాయి చిన్న డబ్బాలో కారప్పొడి తెచ్చింది. రెండు చెంచాలు చల్లుకున్నాక ఆ వంట అసలు స్థాయికి వచ్చిందని మా ఇద్దరి ఏకగ్రీవ తీర్మానం. గుడ్డు తింటే కైజర్‌ష్మార్న్ ఉంది, చీల్చిన తియ్యటి అట్టు ముక్కలు, ప్లమ్ పండ్ల గుజ్జుతో. ఒక్కరికి చాలా ఎక్కువ, ఇద్దరు పంచుకోవాలి. మోసపోయేది సూప్ దగ్గర. ఆస్ట్రియాలోని ఈ టిరోల్ ప్రాంతంలో జున్ను ఉండలు వేసిన సూప్ ఒకటుంది, పేరు చూస్తే శాకాహారమే అనిపిస్తుంది. "అక్కా, ముక్కల్లేవు కదా, తాగేయనా?" అని మా కడప అమ్మాయి చెంచా ఎత్తింది. వడ్డించే అమ్మాయిని అడిగితే నీళ్లు గొడ్డు మాంసం ఎముకలు ఉడికించినవంది. ఉండల్ని సూప్‌లో కాకుండా సలాడ్‌తో ఇమ్మంటే ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి. సభ్యులకి తక్కువ ధరలో ఇచ్చే కొండెక్కేవాళ్ల భోజనం అని ఒకటి మెనూలో ఉంటుంది, అది తరచూ పాస్తానో పప్పుచారులాంటి చిక్కటి సూపో అవుతుంది. దాన్ని కూడా అడిగే తీసుకోండి.

మర్నాడు మధ్యాహ్నం తర్వాత ఉరుములు. హట్ నడిపే ఆవిడ రాత్రే బల్ల మీద సుద్దతో రాసి పెట్టింది. ఫోన్‌లో చూసిన యాప్ సాయంత్రం దాకా ఎండే అంటోంది. మాస్టారు యాప్‌ని పట్టించుకోలేదు, ఆరున్నరకల్లా అందర్నీ బయటికి నడిపించాడు. గోడల కిందుగా, జారుడు రాళ్ల మీదుగా హోల్‌యోఖ్ కనుమ దాకా బాట. ఎత్తైన చోట పొద్దుటి నీడలో చలి, కనుమ ఎక్కగానే మొహాన ఎండ. ఈ ఒక్క గంట నడక కోసం మిగతా కంకర రోడ్డంతా క్షమించేశాను.

కనుమ అవతల ఎంగ్ అనే చోట దిగితే మళ్లీ జనారణ్యం. హింటర్‌రిస్ వైపు నుంచి టోల్ రోడ్డు ఉంది, బస్సులొస్తాయి, జున్ను అమ్మే దుకాణం ఉంది, పెద్ద ఆహోర్న్‌బోడెన్‌లో వందల ఏళ్ల మేపుల్ చెట్లు వేల సంఖ్యలో ఉన్నాయి. చిన్నపిల్లలున్నవాళ్లు కొండ నడకంతా మానేసి నేరుగా ఇక్కడికి రావచ్చు. వేసవిలో లెంగ్‌గ్రీస్ నుంచి బస్సు నడుస్తుంది, రోజుకి కొన్నే కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి. మేం జున్ను కొనుక్కుని ఆగకుండా ఎక్కేశాం.

లామ్‌సెన్‌యోఖ్‌హ్యూటే 1,953 మీటర్ల ఎత్తున, వెనక లామ్‌సెన్‌ష్పిట్సె శిఖరం. మొదటి కట్టడాన్ని 1908లో కొండ మీంచి జారిన మంచు చరియ ఊడ్చేసింది, తర్వాత వేరే చోటు చూసి మళ్లీ కట్టారు. మేం చేరిన కాసేపటికే ఆకాశం నల్లబడింది. సుద్దతో రాసిన మాటే నెగ్గింది. ఆ తర్వాత గంటసేపు కిటికీ అవతల మెరుపులే. ఆలస్యంగా వచ్చినవాళ్లు తడిసి ముద్దై ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే మా టేబుల్ దగ్గర సర్దుకుని చోటిచ్చాం. చూపులో ఫాల్కెన్‌హ్యూటేకి సాటి రాదు గానీ, ఆ సాయంత్రం ఆరబెట్టే గదికి, వేడి సూప్‌కి నేను మార్కులు వేస్తే నూటికి నూరే.

దిగడానికి రెండు దారులు. ఒకటి గ్రామై వైపుగా ఆఖెన్‌సే సరస్సు ఒడ్డున పెర్టిసౌకి. సరస్సు కావాలనుకుంటే అది. మేం రెండోది, ష్టాలెన్ లోయ మీదుగా ష్టాన్స్‌కి. మోకాళ్లకి అది పరీక్షే, దాదాపు 1,400 మీటర్ల దిగుడు. చేతికర్రలు లేకుండా దిగినవాళ్లు మర్నాడు ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగారు. కానీ చివర్లో బండ మీద కట్టిన శాంక్ట్ గియోర్గెన్‌బెర్గ్ యాత్రాస్థలం, దాని కింద వోల్ఫ్స్‌క్లామ్ అనే ఇరుకు లోయ వస్తాయి. నీటి మీద చెక్క వంతెనలు, 354 మెట్లు, ముఖాన తుంపర. ప్రవేశానికి టికెట్ ఉంది, ఇవ్వడానికి మనసొప్పే టికెట్టే. వర్షాలు మరీ ఎక్కువైతే మూసేస్తారు. ష్టాన్స్ నుంచి కుఫ్‌స్టైన్ దాకా ఆస్ట్రియా టికెట్ కొనుక్కోండి, కుఫ్‌స్టైన్ నుంచి మ్యూనిక్‌కి డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది.

సేవల లెక్కలో ఒక్క ఫిర్యాదు. హట్ల బుకింగ్ ఇప్పుడు ఆన్‌లైన్లో సాఫీగానే జరుగుతుంది. కాకపోతే ముందే కొంత అడ్వాన్స్ పోతుంది, ఆలస్యంగా రద్దు చేస్తే తిరిగి రాదు. అది న్యాయమే, రాకుండా పోయేవాళ్ల వల్ల పడకలు ఖాళీగా ఉంటున్నాయి. విసిగించేది మా సెక్షన్ నమోదు. నడకల జాబితా తెరిచిన రోజు పొద్దున కూర్చుంటే పేజీ తిరుగుతూనే ఉంటుంది. అది తెరుచుకునేలోగా మంచి నడకలన్నీ నిండిపోయి ఉంటాయి. వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టండి, చివరి వారంలో ఇద్దరు ముగ్గురు తప్పుకుంటారు. నాకు కార్వెండెల్ దొరికింది అలాగే.

ఇక ముందున్నవి. అక్టోబరు మొదటి భాగంలో పెద్ద ఆహోర్న్‌బోడెన్‌కి ఒక రోజు నడక ఉంది, మేపుల్ ఆకులు పసుపెక్కే కాలం. హట్లు చాలావరకు అప్పటికి మూతబడే దశలో ఉంటాయి కాబట్టి తిండి సంచీలోనే. అదే నెలలో బాటల మరమ్మతు రోజు కూడా ఉంది. పోయినసారి నేను వెళ్లాను. ఎరుపు తెలుపు గుర్తులు రాళ్ల మీద మళ్లీ వేయడం, కొట్టుకుపోయిన మలుపుల్లో దుంగలు పాతడం. ఆ రంగు వేసేవాళ్లకి ఒక నియమం ఉంది. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది కనిపించాలి, పొగమంచులో కూడా. అందుకని వేసినవాళ్లే వెనక్కి నడిచి, వంగి, నిలబడి చూసుకుంటారు. నవంబరులో ప్రథమ చికిత్స సాయంత్రాలు. ఆస్ట్రియాలో కొండ రెస్క్యూకి 140, ఎక్కడైనా 112, ఫోన్ పనిచేయకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈలో దీపమో, ఒక నిమిషం ఆగి మళ్లీ. ఇవన్నీ అక్కడ నోటికొచ్చేదాకా చెప్పిస్తారు.

జనవరిలో మంచు చరియల కింద పడ్డవాళ్లని వెతికే శిక్షణ. సిగ్నల్ పెట్టె, పొడుగాటి కడ్డీ, పార, మూడూ క్లబ్బే ఇస్తుంది. మంచు మీద నడక సరదాగా అనిపించి ఏ శిక్షణా లేకుండా స్నో షూలు వేసుకుని బయల్దేరే మనవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లు ముందు ఇది చేయాలి. ఫిబ్రవరి స్నో షూ నడకలకి కూడా ఈ శిక్షణ పొందినవాళ్లకే మొదటి చోటు ఇస్తామంటున్నారు.

వచ్చే వేసవికి సిల్లర్‌టాల్ కొండల్లో బెర్లీనర్ హోయెన్‌వెగ్ అనే కొండదారి. కార్వెండెల్ కన్నా ఎత్తు, కష్టం రెండూ ఎక్కువ, నలుపు గుర్తు బాటలు, అంటే బాగా కష్టమైనవి, కొన్ని ఉన్నాయి. దారిలో బెర్లీనర్ హ్యూటే వస్తుంది, షాండ్లియర్లు వేలాడే హాలున్న హట్, 1997 నుంచి రక్షిత కట్టడం. ఆ దారిలోనే 2,498 మీటర్ల ఎత్తున ఫ్రీసెన్‌బెర్గ్‌హౌస్ ఉంది. 1924లో ఆల్పైన్ క్లబ్బు యూదు సభ్యులు ఎక్కువగా ఉన్న డోనౌలాండ్ సెక్షన్‌ని వెలివేసింది. అలా బయటికి నెట్టేసిన యూదులు తమ కోసం కట్టుకున్న హట్ ఇది. మాస్టారు జాబితా చదువుతూ ఈ పేరు దగ్గర ఆగి, ఆ రాత్రి భోజనాలయ్యాక ఈ కథ అక్కడే కూర్చుని చెప్పుకుందామన్నాడు. క్లబ్బు తన పాత పాపాన్ని దాచకుండా నడక కార్యక్రమంలోనే పెట్టడం నాకు నచ్చింది.

దీనికి కావాల్సిన అర్హత, వరుసగా కొన్ని రోజులు ఏడెనిమిది గంటలు నడవగలగడం, ఎత్తుల భయం లేకపోవడం. నమోదు కొత్త ఏడాదిలో తెరుస్తారు, అదీ అదే పేజీలో. నేను వెళ్లాలనే అనుకుంటున్నా. కడప అమ్మాయి కూడా వస్తానంటోంది, లాగర్‌లో కాకుండా గదిలో పడక దొరికితేనే.